‘అభ్యంతరాలు ఏవీ అందలేదు’

(వార్డుల సంఖ్య, సరిహద్దుల నిర్ణయంలో ప్రజల పాత్రపై మొదట కామారెడ్డిలోనూ, తరువాత ఎల్లారెడ్డిలోనూ జరిగిన సమావేశాలలో చేసిన ప్రసంగ పాఠం)



మేము వక్తలం కాము. ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ కార్యాలయాలలో గుమాస్తాగా పనిచేసి పదవీ విరమణ చేసినవాళ్లం. మాకు తెలిసిందల్లా ఒక కాగితం ఎక్కడ పుడుతుంది, ఏ బల్ల మీద ఎన్నాళ్లు ఆగుతుంది, ఏ దశలో దానిని మార్చవచ్చు, ఏ దశ దాటితే మార్చలేము అన్నది మాత్రమే. ఈనాటి విషయం కూడా ఒక కాగితానికి సంబంధించినదే కనుక మాట్లాడటానికి ఒప్పుకున్నాం.

ఆ కాగితం పేరు వార్డుల విభజన ముసాయిదా. ఎన్నికలంటే మనకు పోలింగు రోజు గుర్తుకు వస్తుంది. అంతకు ముందు టికెట్ల పంపకం గుర్తుకు వస్తుంది. ఏ పార్టీ మనవాళ్లకు ఎన్ని టికెట్లు ఇచ్చింది, ఎన్ని ఇవ్వలేదు అని హోటళ్లలో చాయ్ ముందు పెట్టుకుని లెక్కలు వేస్తాం. కానీ పట్టణంలో ఎందరు కౌన్సిలర్లు ఉండాలి, ఏ గల్లీ ఏ కౌన్సిలరు కిందకు రావాలి అన్నది అంతకు చాలా ముందే తేలిపోతుంది. అది తేలే రోజుల్లో మనం ఎక్కడ ఉంటున్నామన్నదే మా ప్రశ్న.

ముందు మా తప్పు చెప్పుకుంటాం. ఉద్యోగకాలంలో ఒక చిన్న పట్టణంలో కొన్నేళ్లు ఉన్నాం. ఆ ఊరి పేరు ఇక్కడ అవసరం లేదు. ఒకసారి వార్డుల ముసాయిదాను సరిపోల్చే పని మాకు అప్పగించారు. ఒకరు చదువుతూ ఉంటే మరొకరు ప్రతి చూసుకోవాలి. ఉత్తరం ఫలానా ఇంటి నంబరు నుంచి ఫలానా ఇంటి నంబరు వరకు, తూర్పు ఫలానా మోరీ, దక్షిణం ఫలానా రోడ్డు, పడమర ఫలానా వారి ఖాళీ స్థలం, ఇలా సాగుతుంది ఆ చదువు. నాలుగో పేజీకి వచ్చేసరికి మాకు తెలిసిన ఇంటి నంబర్లు వినిపించాయి. మేము ప్రతి శుక్రవారం జుమా నమాజుకు వెళ్లే మస్జిదు ఉన్న గల్లీ అది. గల్లీకి ఎడమ వైపు ఇళ్లు ఒక వార్డులో, కుడి వైపు ఇళ్లు మరొక వార్డులో పడ్డాయి. మధ్యలో ఉన్న మోరీయే సరిహద్దు.

మేము ఆ పేజీని శ్రద్ధగా సరిపోల్చాం. రెండు అక్షర దోషాలు దిద్దాం. ముసాయిదాను నోటీసు బోర్డుకు అంటించారు. అది రహస్య పత్రం కాదు, ప్రజలు చూడటానికే పెట్టిన పత్రం. ఆ గడువులో ఒక జుమా కూడా వచ్చింది. నమాజు చేసి, నలుగురితో చేతులు కలిపి, వచ్చేశాం. ‘భాయి, మీ గల్లీని రెండుగా విడగొడుతున్నారు, ఒకసారి వచ్చి బోర్డు చూడండి’ అని ఒక్కరికి కూడా చెప్పలేదు. కార్యాలయం సంగతి కార్యాలయంలోనే ఉండాలన్న అలవాటు. గడువు ముగిసిన మరుసటి రోజు నోటు ఫైలులో ‘అభ్యంతరాలు ఏవీ అందలేదు, ముసాయిదాను ఖరారు చేయవచ్చును’ అని రాసింది మా చేయే.

తరువాతి ఐదేళ్లు ఆ మోరీ ఎవరిదీ కాలేదు. పూడిక తీయమంటే ఎడమ వైపు కౌన్సిలరు కుడి వైపు వారిని అడగమనేవాడు, కుడి వైపు ఆయన ఎడమ వైపు వారిని అడగమనేవాడు. వానాకాలంలో నీళ్లు రెండు వైపుల గడపలనూ సమానంగా దాటేవి. ఆ గల్లీలో బీడీలు చుట్టే స్త్రీలు ఎక్కువ. వారిలో మనవారూ ఉన్నారు, హిందూ సోదరీమణులూ ఉన్నారు. తునికాకు తడిస్తే ఆ రోజు కూలి పోయినట్టే. ఒక పెద్దావిడ ఒకనాడు కార్యాలయానికి వచ్చి మా బల్ల ముందు నిలబడి, ‘మున్షీ సాబ్, మా మోరీ ఏ ఖాతాలో ఉంది?’ అని అడిగింది. ఆ ఖాతా సరిపోల్చింది మేమేనని ఆమెకు చెప్పలేకపోయాం.

ఇక మన జిల్లా సంగతికి వద్దాం. 2016 అక్టోబరు 11న నిజామాబాదు నుంచి విడివడి కామారెడ్డి జిల్లా అయింది. 2014 పురపాలక ఎన్నికల నాటికి కామారెడ్డి పట్టణంలో 33 వార్డులు. 2011 జనాభా లెక్కల ప్రకారం అప్పటి పట్టణ జనాభా 80 వేల పైచిలుకు. అంటే సగటున ఒక్కో కౌన్సిలరు వెనుక సుమారు 2,400 మంది. 2018లో చుట్టుపక్కల గ్రామాలు పట్టణంలో కలిశాయి. 2019లో కొత్త పురపాలక చట్టం వచ్చింది. 2020 జనవరి ఎన్నికలకు వార్డులు 49 అయ్యాయి. ఎల్లారెడ్డి 2018 వరకు గ్రామ పంచాయతీ. పురపాలిక అయ్యాక అక్కడ 12 వార్డులు ఏర్పడ్డాయి.

ఈ సంఖ్యలను గురించి కొంచెం ఆలోచించాలి. కామారెడ్డి పాలకవర్గంలో ఒక కౌన్సిలరు 49 గొంతులలో ఒక గొంతు. ఎల్లారెడ్డిలో 12లో ఒక గొంతు. ఎల్లారెడ్డిలో ఏడుగురు చేతులెత్తితే తీర్మానం నెగ్గుతుంది. కనుక అక్కడ ఒక్క వార్డు సరిహద్దు అటూ ఇటూ జరిగినా పాలకవర్గం స్వరూపమే మారవచ్చు. కామారెడ్డిలో అంత తేడా కనపడదు. కానీ వార్డు చిన్నదైన కొద్దీ ఒకే చోట గుంపుగా ఉండే జనానికి తమ మనిషిని గెలిపించుకునే వీలు పెరుగుతుంది. వార్డు పెద్దదైతే ఆ జనం పెద్ద జనంలో కలిసిపోతారు. ఈ కారణంగానే ప్రతినిధుల సంఖ్య పెరగడం మామూలుగా మనవంటి అల్పసంఖ్యాకులకు మేలు చేస్తుంది. ‘మామూలుగా’ అనే మాటను వదలిపెట్టకండి. సంఖ్య పెరిగినా గీత గల్లీ మధ్యగా పోతే ఆ మేలు లేదు.

సంఖ్యను ఎవరు నిర్ణయిస్తారు? మన రాష్ట్రంలో జనాభాను బట్టి చట్టమూ, ప్రభుత్వమూ నిర్ణయిస్తాయి. పట్టణ ప్రజలను పిలిచి ‘మీకు ఎందరు కౌన్సిలర్లు కావాలి’ అని అడిగే ఆనవాయితీ మనకు లేదు. ఇంగ్లండులో ఉంది. అక్కడ స్థానిక సంస్థల సరిహద్దులను చూడటానికి ప్రత్యేకంగా ఒక సరిహద్దుల కమిషను ఉంది. ఆ కమిషను మొదట కౌన్సిలర్ల సంఖ్య సంగతి తేల్చుతుంది. ఆ తరువాతే గీతల విషయానికి వస్తుంది. గీతలు గీసేటప్పుడు మూడు సంగతులు చూడాలని అక్కడి చట్టం చెబుతోంది. ఓటర్ల సంఖ్య సమానంగా ఉండటం ఒకటి, ఇరుగుపొరుగు జనసముదాయం విడిపోకుండా ఉండటం రెండవది, పాలన సులువుగా సాగటం మూడవది. దొరల దేశం గొప్పదని చెప్పటం మా ఉద్దేశం కాదు. ఆ రెండవ సంగతిని, అంటే కలిసి బతికే జనాన్ని కలిపే ఉంచాలన్న నియమాన్ని, మనం మన అభ్యంతర పత్రాలలో మొదటి వాక్యంగా రాసుకోవాలన్నదే మా మనవి.

మన దగ్గర ప్రజలను అడిగేది ముసాయిదా వెలువడినప్పుడే. ఆ గడువు కొద్ది రోజులు. ఆ కొద్ది రోజులూ ఎంత విలువైనవో రాజ్యాంగంలోనే రాసి ఉంది. 1992లో చేసిన 74వ సవరణ ద్వారా పురపాలక సంఘాలకు రాజ్యాంగ ప్రతిపత్తి వచ్చింది. 1993 జూన్ 1 నుంచి అది అమలులోకి వచ్చింది. అందులోనే 243-జెడ్‌జీ అనే అధికరణం ఉంది. వార్డుల విభజనకు, స్థానాల కేటాయింపుకు సంబంధించిన చట్టం చెల్లుబాటును ఏ న్యాయస్థానంలోనూ ప్రశ్నించరాదని దాని సారాంశం. అంటే తుది గెజిట్ వెలువడి ఎన్నికల ప్రకటన వచ్చాక న్యాయస్థానం తలుపు దాదాపు మూసుకున్నట్టే. మనవాళ్లు చాలామంది ఆ తలుపు దగ్గరకే వెళ్లి తడతారు. తెరిచి ఉన్నది నోటీసు బోర్డు దగ్గరి తలుపు. అది కూడా ఆ కొద్ది రోజులే.

న్యాయస్థానాలు అసలు వినవని కాదు. 2019లో ఏం జరిగిందో గుర్తుచేసుకోండి. ఆ ఏడాది జులైలో రాష్ట్రమంతటా పురపాలికల వార్డుల విభజన హడావిడిగా సాగింది. అభ్యంతరాలు సరిగా వినలేదని పలు పట్టణాల నుంచి హైకోర్టుకు వెళ్లారు. నవంబరు నెలాఖరులో హైకోర్టు విభజన ప్రక్రియను మళ్లీ జరపాలని, అభ్యంతరాలు స్వీకరించి పరిష్కరించాలని ఆదేశించింది. డిసెంబరులో మళ్లీ ముసాయిదాలు వచ్చాయి. 2020 జనవరి 22న పోలింగు, 25న లెక్కింపు జరిగాయి. ఎన్నిక జరగక ముందే, అభ్యంతరం వినలేదన్న ప్రాతిపదిక మీద వెళ్లారు కనుకనే అక్కడ విన్నారు. అభ్యంతరం ఇవ్వనివాడు ‘నా అభ్యంతరం వినలేదు’ అని ఎలా అనగలడు?

మరో ఉదాహరణ మన కళ్ల ముందటిదే. కామారెడ్డి మాస్టర్ ప్లాన్ ముసాయిదా. దానికి అభ్యంతరాల గడువు రెండు నెలలు ఇచ్చారు. తొలి వారాల్లో పెద్దగా ఎవరికీ పట్టలేదు. తమ పొలాలు పారిశ్రామిక మండలంలో చేరాయని రైతులకు తెలిసేసరికి 2022 వెళ్లిపోతోంది. 2023 జనవరి తొలి వారంలో కలెక్టరేటు ముందు ఏం జరిగిందో ఈ సభలో ఉన్నవారు చాలామంది స్వయంగా చూశారు. ఊరూరా తిరిగి సంతకాలు తీసుకున్నారు, అభ్యంతరాలు కట్టలు కట్టలుగా ఇచ్చారు. జనవరి 20న పాలకవర్గం సమావేశమై ఆ ముసాయిదాను రద్దు చేయమని తీర్మానించింది. అది ఒక కులం వారిదో, మతం వారిదో ఉద్యమం కాదు. భూమి పోతుందన్న భయం అందరినీ కలిపింది. వార్డు గీత వల్ల పోయేది కంటికి కనపడదు కనుక దానికి ఎవరూ రోడ్డెక్కరు. పైగా అక్కడ రెండు నెలలు ఉన్నాయి. ఇక్కడ అన్ని రోజులు ఇవ్వరు.

ఇప్పుడు అభ్యంతరం రాసే పద్ధతి. ఇది మా వృత్తిలోని సంగతి కనుక కొంచెం నెమ్మదిగా చెబుతాం, విసుగు చెందకండి. మా సర్వీసులో చూసిన అభ్యంతర పత్రాలలో ఎక్కువ భాగం ఒకే తీరుగా ఉండేవి. ‘మా వర్గానికి తీరని అన్యాయం జరిగింది, తక్షణం న్యాయం చేయగలరు’ అని ఒక పేజీ. కింద ఇరవై సంతకాలు. ఏ వార్డు, ఏ ఇంటి నంబరు నుంచి ఏ ఇంటి నంబరు వరకు, ఏం మార్చమంటున్నారు అన్నది ఎక్కడా ఉండదు. దానిని చూసిన అధికారికి కోపమూ రాదు, జాలీ రాదు. ‘నిర్దిష్ట సూచన లేనందున పరిశీలించుటకు వీలులేదు’ అని ఒక్క వాక్యం రాసి పక్కన పెడతాడు. ఆ వాక్యం కూడా మేము చాలాసార్లు రాశాం.

వార్డుల మధ్య జనసంఖ్య సాధ్యమైనంతవరకు సమానంగా ఉండాలి, తేడా పది శాతానికి మించకూడదు అన్నది మూలసూత్రం. అధికారి చేతిలో ఉన్న త్రాసు అదే. మీరు ఒక గల్లీని ఒక వార్డు నుంచి తీసి పక్క వార్డులో కలపమంటే, మొదటి వార్డు బరువు తగ్గుతుంది, రెండవది పెరుగుతుంది. ఆ లోటును ఎక్కడినుంచి పూడ్చాలో మీరు చెప్పకపోతే ఆయన చెప్పలేడు, చెప్పడు కూడా. కనుక అభ్యంతరంతో పాటు ప్రత్యామ్నాయం ఇవ్వాలి. ‘ఈ మోరీకి బదులు వెనుక ఉన్న పెద్ద రోడ్డును సరిహద్దుగా తీసుకోండి. అప్పుడు మా గల్లీ అంతా ఒకే వార్డులో ఉంటుంది. దీనివల్ల ఇటు చేరే ఇళ్లు ఇన్ని, ఓటర్లు ఇందరు. బదులుగా రోడ్డు అవతలి ఫలానా ఇళ్లను పక్క వార్డుకు ఇవ్వవచ్చు, అక్కడ ఓటర్లు ఇందరు’ అని రాసి, ఓటర్ల జాబితాలోని ఆ పేజీల నకలు, చేత్తో గీసిన పటం జత చేయాలి. పటం అందంగా ఉండనక్కరలేదు. మస్జిదు, గుడి, బడి, నీళ్ల ట్యాంకు, మోరీ గుర్తులు ఉంటే చాలు. అటువంటి పత్రం వచ్చినప్పుడు దానిని తిరస్కరించాలన్నా కారణం రాయవలసి వస్తుంది. కారణం రాయడం గుమాస్తాకు ఎంత కష్టమో మాకు తెలుసు.

పత్రాన్ని ఎవరి చేతికో ఇచ్చి రాకండి. ఇన్‌వార్డులో నమోదు చేయించి, నకలు మీద నంబరు, తేదీ, ముద్ర వేయించుకోవాలి. ‘పెద్ద సారుకు స్వయంగా ఇచ్చాం, చూస్తామన్నారు’ అని సంబరపడే పెద్దమనుషులు మన జమాతులో చాలామంది ఉన్నారు. ముద్ర లేని కాగితం కాగితం కాదు. తరువాత మీ అభ్యంతరాన్ని ఎలా పరిష్కరించారో తెలియకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద ఆ ఫైలు నోటు నకలు అడగవచ్చు.

విభజన ముగిశాక మరొక ముసాయిదా వస్తుంది. వార్డుల వారీ ఓటర్ల జాబితా. శాసనసభ ఎన్నికల జాబితానే తీసుకుని వార్డుల ప్రకారం విడదీస్తారు. ఈ విడదీతలో తండ్రి ఓటు ఒక వార్డులో, కోడలి ఓటు మరొక వార్డులో పడటం మనకు కొత్త కాదు. దీనిని కూడా బోర్డు దగ్గరే, గడువులోనే సరిదిద్దించుకోవాలి.

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న ఉంది. కామారెడ్డి సభలో ఒక యువకుడు లేచి అడిగాడు. ‘చాచా, పట్టణంలో మనవాళ్లు ఉండే మొహల్లాలన్నీ కలిపి ఒకటి రెండు వార్డులుగా చేయమని కోరవచ్చు కదా?’ అని. అడగదగిన ప్రశ్నే. మా జవాబు, కోరవద్దు అని. మతం ప్రాతిపదికన స్థానాలు కేటాయించే ఏర్పాటు మన రాజ్యాంగంలో లేదు. కనుక ఆ మాట రాసిన పత్రం మొదటి చూపులోనే వీగిపోతుంది. చట్టం సంగతి పక్కన పెట్టినా, మనవాళ్లనందరినీ ఒక్క వార్డులో కుక్కితే ఆ ఒక్కటీ మనదవుతుంది, మిగిలిన పదకొండు వార్డుల కౌన్సిలర్లకు మన ఓటుతో పని ఉండదు. ఎల్లారెడ్డి వంటి ఊళ్లో 12లో ఒకటి గెలిచి పదకొండు చోట్ల పరాయివాళ్లం కావడం ఏం లాభం? అలాగని ప్రతి వార్డుకూ పది ఇళ్ల చొప్పున చీల్చినా ఎవరికీ పట్టం. మధ్యేమార్గం ఒకటే. ఏ మొహల్లాకు ఆ మొహల్లా చెక్కుచెదరకుండా ఉండాలి, అందులోని హిందూ, దళిత కుటుంబాలతో సహా. ఆ కోరిక న్యాయమైనది. ఇరుగుపొరుగు వారు కూడా సంతకం చేయగలిగినది. మనవాళ్ల సంతకాలు మాత్రమే ఉన్న అభ్యంతరం కన్నా గల్లీలోని అందరి సంతకాలు ఉన్న అభ్యంతరానికే విలువ ఎక్కువ.

ఆ యువకుడికి మా జవాబు పూర్తిగా రుచించలేదని ముఖం చూస్తే తెలిసింది. పరవాలేదు, ఆలోచించనివ్వండి. అతని అనుమానానికి ఆధారం లేకపోలేదు. సచార్ కమిటీ 2006 నివేదికలో ఉత్తరాది రాష్ట్రాలలోనూ, పశ్చిమ బెంగాలులోనూ ముస్లింలు ఎక్కువగా ఉన్న శాసనసభా స్థానాలు షెడ్యూల్డు కులాలకు రిజర్వు అయిన తీరును ఎత్తిచూపింది. దళిత సోదరుల హక్కుతో మనకు పేచీ లేదు. గీత ఎక్కడ పడుతుందన్నది అమాయకమైన విషయం కాదని ఆ నివేదిక చెప్పింది, అంతవరకు గుర్తుంచుకుంటే చాలు.

‘కోఆప్షన్ సభ్యులు ఉన్నారు కదా’ అని కొందరు అంటారు. ఉన్నారు. పురపాలక సంఘంలో నలుగురు కోఆప్షన్ సభ్యులలో ఇద్దరు మైనారిటీలు, వారిలో ఒకరు మహిళ. మండల పరిషత్తులో ఒకరు. వారు సమావేశంలో కూర్చోవచ్చు, మాట్లాడవచ్చు, ఓటు వేయలేరు. అధ్యక్షుని ఎన్నికలోనూ, తీర్మానం మీదా వారి చేయి లెక్కకు రాదు. పైగా వారిని ఎన్నుకునేది కౌన్సిలర్లే. ఆ కుర్చీని చిన్నచూపు చూడమని చెప్పం. సమర్థులు కూర్చుంటే పనులు జరుగుతాయి. ఆ ఒక్క కుర్చీ కోసం మనలో నలుగురైదుగురు పార్టీ కార్యాలయాల చుట్టూ తిరిగే శ్రమలో పదో వంతు నోటీసు బోర్డు మీద పెడితే ఓటున్న కుర్చీలు వచ్చేవని మాత్రం అంటాం.

స్త్రీల గురించి ఒక మాట. 2019 చట్టం ప్రకారం స్థానాల్లో సగం స్త్రీలవి. వార్డు మహిళకు రిజర్వు అయిన రోజున మనవాళ్లు హడావిడిగా ఒక పేరు వెతుకుతారు. గెలిచాక ఆ పేరు గల ఆమె ఇంట్లో, ఆమె భర్త సమావేశంలో. ఇది అన్ని వర్గాల జబ్బే, కానీ మన వైద్యం మనం చేసుకోవాలి. డిగ్రీలు చదివిన ఆడపిల్లలు ఈ హాలులో ఎడమ వైపు కూర్చున్నారు. ముసాయిదా చదవడం, ఓటర్ల జాబితా లెక్కకట్టడం, పటం గీయడం వారు మనకన్నా బాగా చేయగలరు. అక్కడినుంచే మొదలుపెట్టనివ్వండి.

వెనుకబడిన తరగతుల రిజర్వేషను గురించి అడగకుండా ఉండరు కనుక అదీ చెబుతాం. 42 శాతం మాట పుట్టింది మన కామారెడ్డిలోనే, 2023 నవంబరు 10న ప్రకటించిన బీసీ డిక్లరేషనులో. 2025 సెప్టెంబరు 26న ప్రభుత్వం 9వ నంబరు జీవో ఇచ్చింది. అక్టోబరు 9న హైకోర్టు దానిపై స్టే ఇచ్చింది. మొత్తం రిజర్వేషన్లు 50 శాతం దాటరాదన్న సుప్రీంకోర్టు తీర్పుల నీడలో ఈ వ్యవహారం నడిచింది. చివరకు ఎంత శాతం మిగిలినా మనం గ్రహించవలసిన సంగతి వేరు. స్థానిక సంస్థలలో బీసీ స్థానాలకు ఏ, బీ, సీ, డీ, ఈ అన్న విడివిడి వాటాలు లేవు. బీసీ-ఈ ధ్రువపత్రం ఉన్నవారు, బీసీ-బీలో ఉన్న దూదేకుల సోదరులు బీసీ స్థానం నుంచి పోటీ చేయవచ్చు. సయ్యద్, పఠాన్, మొగల్ వంటివారికి జనరల్ స్థానాలు ఉన్నాయి. ధ్రువపత్రాన్ని నామినేషను ముందు రోజు పరుగెత్తి తెచ్చుకునేది కాకుండా ఇప్పుడే తీసి పెట్టుకోండి.

పురపాలక పాలకవర్గాల గడువు 2025 జనవరితో తీరిపోయింది. ఆ తరువాత ప్రత్యేకాధికారుల పాలన వచ్చింది. అడిగేందుకు కౌన్సిలరు లేని కాలం ఎలా ఉంటుందో 2025 ఆగస్టు 27న వచ్చిన వరద చూపించింది. కామారెడ్డిలో కాలనీలకు కాలనీలు నీట మునిగాయి. అధికారులు, పోలీసులు, సహాయ బృందాలు పనిచేయలేదని అనం. కానీ ఏ గల్లీలో మంచం పట్టిన ముసలివారు ఉన్నారో, ఏ ఇంట్లో బాలింత ఉందో వార్డు మనిషికి తెలిసినట్టు బయటివారికి తెలియదు.

ఇంకొక తారీఖు రాసుకోండి. తదుపరి జనాభా లెక్కలకు 2027 మార్చి 1 ప్రామాణిక తేదీ. ఆ లెక్కల కోసం 2025 డిసెంబరు 31తో పాలనా సరిహద్దులను స్తంభింపజేయాలని జనగణన శాఖ రాష్ట్రాలను కోరింది. ఆ లెక్కలు వెలువడ్డాక 2011 సంఖ్యల స్థానంలో కొత్త సంఖ్యలు వస్తాయి. అప్పుడు వార్డుల సంఖ్యా, గీతలూ మళ్లీ మారుతాయి. రాష్ట్ర ప్రభుత్వం జరిపిన కులసర్వేలో ముస్లింలు 12.56 శాతమని తేలింది. 2011లో దేశ జనగణన చెప్పినది సుమారు 12.7. ఈ శాతాలు వేదికల మీద చెప్పుకోవడానికి బాగుంటాయి. వార్డు గీతకు కావలసింది శాతం కాదు, ఏ గల్లీలో ఏ తలుపు వెనుక ఎందరు ఉన్నారన్న లెక్క. లెక్కలవారు వచ్చినప్పుడు గల్ఫులో ఉన్న కొడుకును చెప్పాలా వద్దా, అద్దెకున్నవారిని చెప్పాలా వద్దా అని తటపటాయిస్తారు. అడిగినదానికి ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

మా వంతుగా ఒక పని మొదలుపెట్టాం. కామారెడ్డిలో ముగ్గురు, ఎల్లారెడ్డిలో ఇద్దరు విశ్రాంత ఉద్యోగులం కలిసి ప్రతి సోమవారం ఆయా కార్యాలయాల నోటీసు బోర్డులు చూసి వస్తున్నాం. కొత్త కాగితం కనపడితే ఫొటో తీసి మస్జిదు కమిటీలకూ, మొహల్లాలోని ఇతర సోదరులకూ పంపుతున్నాం. ఇప్పటివరకు ఎక్కువగా కనపడినవి టెండర్లు, వేలం ప్రకటనలే. ఒకసారి తప్పిపోయిన ఎద్దు గురించి కూడా ఉంది. ఆ ఫొటో కూడా పంపాం, ఎద్దు ఎవరిదో దొరికింది.

అభ్యంతర పత్రం నమూనా ప్రతులు బయట బల్ల మీద ఉన్నాయి. ఖాళీలు మీరే నింపుకోవాలి. ఏ గల్లీవారు ఆ గల్లీ పటం గీసుకుని వచ్చే శుక్రవారం అసర్ నమాజు తరువాత తీసుకురండి, ఓటర్ల జాబితాతో సరిపోల్చుదాం. ఒకరు చదవాలి, మరొకరు ప్రతి చూసుకోవాలి. చదవడానికి మేము ఉంటాం.